దీపాలు పెట్టాక బయట ఉండకూడని గుడ్డలు

ప్లాస్టిక్ మీద, మూఢనమ్మకాల మీద కరపత్రాలు రాసి పంచేవాణ్ని కదా, అక్క కొడుక్కి ప్లాస్టిక్ డైపర్లు వద్దని, మూత్రపు గుడ్డలు నేనే ఉతుకుతానని పంతం పట్టాను. వారం నుంచి ముసురు. అవి ఆరక కంపు కొడుతున్నాయి. ఈ రోజు సాయంత్రం కాస్త తెరిపివ్వగానే వేడినీళ్లలో ఉడికించి, గాంధీ గంజ్‌లోని మా ఇంటి డాబా మీద ఆరేశాను. చీకటి పడుతుండగా నానమ్మ అన్నీ తడిగానే లోపలికి తెచ్చేసింది.

“ఇంకా ఆరలే నానమ్మా, ఉండనియ్.”

“దీపాలు పెట్టినంక పసిపోరని గుడ్డలు బయట ఉండొద్దు బిడ్డా. దిష్టి తగుల్తది.”

“దిష్టి ఎవరు చూసిండ్రు? కంపు అందరికీ తెలుస్తాంది.”

అక్క నవ్వలేదు. “రేపు గూడ వాసనొస్తే డైపర్ల ప్యాకెట్ తెప్పిస్త తమ్మీ. నీ కరపత్రాలు కట్టాల్నా వీనికి?”

చేసేది లేక నా గదిలో తాళ్లు కట్టి, ఫ్యాను కింద ఆరేశాను. మూఢనమ్మకాల మీద రాద్దామని కూర్చుంటే ఆ గుడ్డల నుంచి నెత్తిన చుక్కలు పడుతున్నాయి. ఇలాంటి విషయంలో తమ నానమ్మను ఒప్పించినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే తెల్లారేలోపు చెప్పండి.