నా వార్తలో లేని మాట

ఒక నాయకుడు మహబూబాబాద్‌లో విలేకరుల సమావేశంలో నా వార్త కత్తిరింపును ఎత్తి చూపించాడు. "గీ అన్న ఎన్నేండ్ల సందో రాస్తున్నడు. గీయన వార్తల తిట్టు ఏడుంది? జర సూపెట్టుండ్రి" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను పెన్నుకు మూత పెట్టుకుంటూ కూర్చున్నాను.

నా వార్తలో లేదు గానీ, తిట్టు నిజం. అంతకు నాలుగు రోజుల ముందు కేసముద్రం మార్కెట్ యార్డులో మైకు పట్టుకునే తిట్టాడు. కురవి వైపు నుంచి మక్కజొన్నలు తెచ్చిన ఒక మహిళా రైతు, తడిసిన గింజలు ఎప్పుడు కొంటారని అడిగింది. ఆమె భర్త చనిపోయి ఏడాది కాలేదు. "మొగడు లేనిదానికి నోరెక్కువైతదే" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె సంచి మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. సెల్‌ఫోన్లలో తీసిన వీడియోల్లో ఆ మాట లారీల హారన్ల మోతలో కలిసిపోయింది.

నేను రాసింది: 'మహిళా రైతు ప్రశ్నపై ఆయన అసహనం వ్యక్తం చేశారు.' తిట్టును అచ్చులోకి తేకూడదని జనగామలో పని నేర్చుకునే రోజుల్లో డెస్కువాళ్లు చెప్పారు. భూపాలపల్లిలో చేసినన్నాళ్లూ అదే పాటించాను. నాయకుల నోళ్లు కడిగి పత్రికకు పంపడమే సభ్యత అనుకున్నాను.

వేరే పత్రికలో ఒకతను ఆ మాటను ఉన్నదున్నట్టు రాశాడు. నాకంటే చాలా చిన్నవాడు; అతని మొదటి వార్తలు దిద్దింది నేనే. వార్తలు అచ్చయిన ఉదయం యార్డు ముందరి హోటల్లో అతని పేపరు చేతులు మారుతోంది. నాది మడత విప్పకుండా బల్ల మీద ఉంది. చాయ్ సగంలో వదిలేసి లేచాను. అతనికి వాక్యం కుదరదని నలుగురితో అన్నాను. అది నిజమే. కానీ ఆ ఒక్క వాక్యం నాదైతే బాగుండునని ఇల్లు చేరేదాకా మనసు పీకుతూనే ఉంది.

విలేకరుల సమావేశం అయిన మరునాడు ఆ మహిళా రైతు యార్డు దగ్గర కనిపించింది. ఎన్నేళ్లుగానో నన్ను అన్నా అని పిలిచే మనిషి. పట్టా పాసుబుక్కు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో ఆ చిన్న విలేకరి వార్తను దాచుకుంది. ఇన్నేళ్లలో నా వార్తను ఎవరైనా అలా దాచుకున్నారా అని ఆలోచించాను. ఒక్కరూ గుర్తుకు రాలేదు.

"నీ పేపర్ల నన్నెవ్వలు ఏమనలేదట గదనే అన్నా. నువ్వు నా పక్కపొంటే ఉంటివి గదా" అంది.

పత్రిక పద్ధతి గురించి చెప్పబోయాను. అప్పటికే అతను ఆటో దగ్గర ఆమె కోసం చూస్తున్నాడు. ఇద్దరూ పోలీస్ స్టేషన్‌కు పోతున్నారు. ఆమె కోరేది ఒక్కటే: మైకులో అన్నవాడు మైకులోనే తప్పయిందనాలి.

ఆమె ఫిర్యాదుకు అతని వార్త జత చేశారు. నాయకుడు పోలీసులకు ఇచ్చిన జవాబుకు నాది జత చేశారు. ఆమెకు అతను సాక్షి. ఆయనకు సాక్షిగా నా పేరు రాశారు. ఆ కాగితం చూసినప్పుడు కూడా అతని పేరున్న చోట నా పేరు ఉండాలనిపించింది.

స్టేషన్ నుంచి సాక్ష్యానికి నాకింకా పిలుపు రాలేదు. నాయకుడు ఇప్పటిదాకా తప్పయిందని అనలేదు.