ఉస్తాద్ చేతి క్లిప్పు

పోయిన శుక్రవారం కఫీల్‌ను, అదే మా యజమానిని, రియాద్‌లో దింపి, బతా బజారులో ఎప్పుడూ తినే మెస్సుకు వెళ్ళాను. తిని చెయ్యి కడుక్కుంటుంటే రాజంపేట వైపు ఆయన ఒకరు భుజం తట్టి, ఉస్తాద్ పోయాడని చెప్పాడు. ఊళ్ళో మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద ఒరిగిన మనిషి మళ్ళీ లేవలేదట. "గుండె అబ్బీ. నొప్పని గూడా అన్లేదంట" అన్నాడు. ఆ మాట అనేసి, ఈ రోజు పప్పు బాగుందా అని అడిగాడు. బాగుందన్నాను. పరాయి దేశంలో చావు కబుర్లు ఇలాగే చేతికి వస్తాయి, అందులో ఆయన తప్పేమీ లేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఉస్తాద్ కళ్ళను చారెడు చేసి మీకు చూపించే ఉద్దేశం నాకు లేదు. ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది. తన టీ గ్లాసు ఎవరైనా ముట్టుకుంటే సాయంత్రం దాకా సణిగేవాడు. మాది జగిత్యాల వైపు, వంట ఎక్కువగా నేనే చేసేవాణ్ణి. నేను వేసిన కారం చూసి "ఇది కారమా అబ్బీ? కూరకు బొట్టు పెట్నావా?" అని వెక్కిరించేవాడు. అలాంటి మనిషితో ఒకే గదిలో ఏళ్ళు గడిపాను. ఆయన గురించి నాలుగు మాటలు రాయకపోతే నా కడుపుమంట చల్లారదు.

హాయిల్ ఊరు దాటాక ఒక మజ్రా ఉంది. మజ్రా అంటే గోధుమ చేలు, కూరగాయల మళ్ళు ఉన్న పెద్ద తోట. దాని యజమానే మా ఇద్దరికీ కఫీల్. మా వీసాలు ఆయన పేరు మీద, మా పాస్‌పోర్టులు ఆయన బీరువాలో. నేను డ్రైవర్ని. ఉస్తాద్ మన పటాలంలో తుపాకులు బాగుచేసే పని చేసి, రిటైరయ్యాక ఇక్కడికి వచ్చాడు. కఫీల్ దగ్గర పర్మిట్ ఉన్న తుపాకులు చాలానే ఉండేవి. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక స్నేహితులు వచ్చి చేల చివర మట్టికట్టకు ఎదురుగా నిలబడి కాల్చుకునేవారు. ఆ తుపాకులన్నీ తుడిచి, నూనె పెట్టి, సిద్ధంగా ఉంచడం ఉస్తాద్ పని.

వాటన్నిటిలో కఫీల్ ప్రాణం ఒక అమెరికా రివాల్వర్ మీద ఉండేది. దాని సంగతి నాకు ఉస్తాదే చెప్పాడు.

"రివాల్వర్ తూటాకు అడుగున అంచుంటాది సూడు, మేకు తల మాదిరి. కాల్చినాక ఆ అంచు పట్టుకునే ఖాళీ గుల్లను ఎనక్కి తోస్తాది. దీంట్లో ఏసేది పిస్తోలు తూటా. దానికి అంచు ల్యా. లోపలికి పోతాది, పేల్తాది, బయటికి మాత్రం రాదు."

"మరి ఎట్ల తీస్తరు?" అన్నాను.

ఆయన అరచేతిలో ఒక పల్చటి ఉక్కు రేకు పెట్టి చూపించాడు. గుండ్రంగా, చుట్టూ ఆరు గంట్లతో ఉంది. దాన్ని మూన్ క్లిప్పు అంటారట. ఒక్కో గంటులో ఒక్కో తూటాను ఇరికిస్తే ఆరూ ఒక గుత్తి అవుతాయి. ఆ గుత్తిని అట్లాగే సిలిండర్‌లో వేస్తారు. కాల్చాక ఒక్క నొక్కు నొక్కితే ఆరు గుల్లలూ రేకుతో పాటు బయట పడతాయి. రేకు లేకపోతే పుల్ల పట్టుకుని ఒక్కో గుల్లనూ పొడుచుకుంటూ కూర్చోవాలి.

ఆ రేకు వెంట్రుకవాసి వంగినా సిలిండర్ ఒరుసుకుని తిరగడం మానేస్తుంది. అందుకే ఉస్తాద్ దగ్గర ఎప్పుడూ ఒక కిటికీ గాజు ముక్క ఉండేది. ప్రతి క్లిప్పునూ దాని మీద పెట్టి, వేలితో ఒక్కో అంచూ నొక్కేవాడు. చప్పుడు లేకపోతే మంచిది, టిక్కుమంటే వంకర. మంచివి గుడ్డ సంచిలోకి, వంకరవి పాలపొడి డబ్బాలోకి వెళ్ళేవి. ఆ గాజు అలవాటు ఆయన మాటల్లోకి కూడా వచ్చేసింది. ఏజెంటు నా తమ్ముడికి వీసా ఇప్పిస్తానన్నాడని నేను సంబరపడితే, "గాజు మీద పెట్టి సూడబ్బీ. కదిల్తే వంకరున్నట్టే" అన్నాడు. నిజంగానే కదిలింది. ఆ ఏజెంటు మళ్ళీ కనబడలేదు.

వంకరలకు కారణం కఫీల్ తమ్ముడు. కాలిన గుల్లలను క్లిప్పు నుంచి తీయడానికి ఒక పనిముట్టు ఉండేది. ఆ దొరబాబుకు అంత ఓపిక ఉండేది కాదు, చేత్తోనే మెలిపెట్టి లాగేవాడు. ఉస్తాద్ దండం పెట్టి మరీ చెప్పాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది.

ఒక ఏడాది ఉస్తాద్ భార్యకు కడుపులో గడ్డ ఉందని తేలింది. తిరుపతిలో ఆపరేషన్ చేస్తామన్నారు. ఆమె పట్టుదల మనిషి. "నువ్వొచ్చి నా పక్కన కూకుంటేనే కోయించుకుంటా. లేకుంటే ల్యా" అని ఫోన్‌లో చెప్పింది. ఆ ఫోను నాది, అప్పట్లో మా గదిలో అదొక్కటే ఉండేది. ఉస్తాద్ వెళ్ళి కఫీల్‌ను ఛుట్టీ అడిగాడు. "పెద్ద అతిథి ఒకరు వస్తున్నారు, ఆ శుక్రవారం కానివ్వు, మర్నాడే నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతాను" అన్నాడాయన.

"ఉస్తాద్, కఫీల్ మాట గాజు మీద పెట్టి చూసినవా?" అని నేను పరాచికమాడాను.

"పెద్దమనిషి మాటబ్బీ. దాన్ని యాడ పెట్టి సూసేది?" అన్నాడు. ఆ రోజే భార్యకు చెప్పడానికి ఫోను అడిగి తీసుకున్నాడు. వస్తున్నానని చెబుతూ నవ్వాడు. ఆయన అట్లా పళ్ళన్నీ కనబడేట్టు నవ్వడం నేను చూసింది అప్పుడే.

అతిథి వచ్చాడు. ఆ ఇంట్లో అతిథి ముందు పెట్టే పళ్ళెం ఏదైనా పొంగిపొర్లాలి. ఖర్జూరమైనా, మాంసం అన్నమైనా, వెలితి కనిపిస్తే ఆ ఇంటికి తలవంపు. తూటాల పళ్ళెం తెమ్మంటే ఉస్తాద్ మంచి క్లిప్పులకు గుచ్చిన గుత్తులు కొన్నే పేర్చాడు. తోట మేనేజరుకు పళ్ళెం బోసిగా కనిపించింది. ఉస్తాద్ మట్టికట్ట దగ్గర బొమ్మలు నిలబెడుతుండగా, పాలపొడి డబ్బాలోని వంకర క్లిప్పులకు కూడా తన చేత్తో తూటాలు గుచ్చి, పళ్ళెం నిండా గోపురంలా పేర్చాడు. మర్యాద కోసమే చేశాడు పాపం.

అతిథి చేతిలో తుపాకీ రెండుసార్లు పేలి బిగుసుకుపోయింది. ట్రిగ్గర్ కదలదు, సిలిండర్ తిరగదు. ఆ పెద్దమనిషి నవ్వి, "నీ అమెరికా గుర్రం ముసలిదైందోయ్" అన్నాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకామె. కఫీల్‌కు తుపాకీ ఆగినందుకు కాదు, ఆ నవ్వుకు మండింది. మేనేజరు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. డబ్బా సంగతి ఉస్తాద్ వివరించబోతే కఫీల్ చెయ్యి అడ్డం పెట్టాడు. "అమెరికా నుంచి కొత్త క్లిప్పులు తెప్పిస్తున్నాను. అవి వచ్చి, నువ్వు చూసి సరేనన్నాకే ఛుట్టీ. అంతదాకా మాఫీ" అన్నాడు. మాఫీ అంటే ఇక్కడి మాటలో లేదని.

అవి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. అవతల ఆమె ఆపరేషన్ బల్ల ఎక్కనంటోంది. ఫోన్‌లో ఉస్తాద్ బతిమాలాడు, తిట్టాడు, ఒట్లు పెట్టాడు. ఆమె ఒకటే మాట, "నువ్వు రా."

ఉస్తాద్ చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. నాతో సనాయియా నుంచి, అదే షెడ్ల పేట నుంచి, సరిగ్గా ఆ మందం ఉన్న ఉక్కు రేకు తెప్పించుకున్నాడు. దాన్ని ఆకురాయితో రాస్తూనే ఉండేవాడు. రాయడం, గాజు మీద పెట్టడం, టిక్కుమంటే మళ్ళీ రాయడం. వేళ్ళు చిట్లితే పసుపు అద్దుకున్నాడు. చివరికి ఒక రోజు గాజు పలకలేదు. ఏ వైపు పైకి ఉండాలో తెలియడానికి రేకు మధ్యలో మేకుతో ఒక చుక్క కొట్టాడు. మేనేజరు ఎదుటే కాల్చి చూపించాడు. ఆరూ పేలాయి, ఆరు గుల్లలూ గుత్తిగా రాలాయి. నేను చప్పట్లు కొట్టాను. "ఇంగ ఆపేదానికి ఏముండాది అబ్బీ" అంటూ సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు.

మేనేజరు ఆ క్లిప్పును లోపలికి తీసుకెళ్ళి, వట్టి చేతులతో తిరిగొచ్చాడు. కఫీల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నా అమెరికా తుపాకీలో సనాయియా రేకా?" అన్నాడట. ఒరిజినల్ రావాల్సిందే. మేనేజరు అది చెప్పి వెళ్ళిపోయాడు. ఉస్తాద్ సర్దిన సంచిలోంచి చొక్కాలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ మేకులకు తగిలించాడు. నేను టీ పెట్టి ఇచ్చాను.

ఒరిజినల్స్ ఇంకా రాకముందే ఆమె వెళ్ళిపోయింది. ఫోను నేనే ఎత్తాను. అవతల ఆమె తమ్ముడు. నేను ఫోను ఉస్తాద్ చేతికిచ్చి బయటికొచ్చి నిలబడ్డాను. లోపలి నుంచి ఏడుపు వినిపించలేదు. కాసేపటికి ఆకురాయి చప్పుడు వినిపించింది. ఏం రాశాడో, ఎందుకు రాశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

పాస్‌పోర్టు మాత్రం ఆ రోజే బయటికొచ్చింది. కఫీల్ స్వయంగా వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు, టికెట్ కూడా ఇచ్చాడు. చావుకు ఛుట్టీ వెంటనే దొరుకుతుంది ఇక్కడ, బతికించుకోవడానికే దొరకదు. వెళ్ళిన ఉస్తాద్ మళ్ళీ రాలేదు. వెళ్తూ గాజు ముక్క నాకిచ్చి, "ఇది పెట్టుకో. నేను వాడుకోవాల్సినప్పుడు వాడుకోల్యా" అన్నాడు. తర్వాత పండగలకు ఫోన్ చేస్తే వానల గురించి, నా వంటలో కారం గురించి మాట్లాడేవాడు. తుపాకుల మాట ఎత్తేవాడు కాదు. ఆయన నాకు చేసిన మేలు ఒకటే. ఎవరు తియ్యగా మాట్లాడినా ముందు ఆ గాజు గుర్తొస్తుంది. అందుకు రుణపడి ఉంటాను.

ఆ తర్వాత అమెరికా నుంచి వచ్చిన క్లిప్పులూ కఫీల్ తమ్ముడి చేతి చలవతో ఒక్కొక్కటే వంగిపోయాయి.

నిన్న మళ్ళీ శుక్రవారం. అసర్ అయ్యాక అతిథులు వచ్చారు. నేను నీళ్ళ సీసాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. కఫీల్ ఆరూ కాల్చి, సిలిండర్ తెరిచి నొక్కాడు. ఆరు గుల్లలూ గుత్తిగా ఇసుకలో పడ్డాయి. అతిథులు మాషా అల్లా అని మెచ్చుకున్నారు. తీసివ్వమని కఫీల్ నాకు సైగ చేశాడు. వంగి తీశాను. రేకు మధ్యలో మేకు చుక్క ఉంది.

"ఇది చేసిన ఉస్తాద్ చనిపోయాడు" అని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను.

కఫీల్ నా వైపు తిరిగాడు. "అల్లా యర్హమూ, అల్లా ఆయన్ను కరుణించాలి. మంచి మనిషి" అన్నాడు. మనసులోంచే అన్నాడు, అబద్ధమెందుకు చెప్పాలి. తర్వాత "హాత్" అంటూ, ఇటివ్వమని చెయ్యి చాపాడు. ఇంకా వేడిగా ఉన్న ఆ రేకును ఆయన చేతిలో పెట్టాను.