లైన్‌మన్ వీరేష్ తోడేలు

లైన్‌మన్ వీరేష్ చేతులు ఊరికే ఉండవు. అన్నం ముందు కూర్చున్నా ఎడమ చేత్తో కటింగ్ ప్లేయరు తెరుస్తూ మూస్తూ ఉంటాడు. కణేకల్ బయట వేరుశనగ చేలల్లో కరెంటు తీగలు చూసుకుంటూ పోతూ తోడేలును చూసినప్పటి నుంచి అతనికి అసలు నిలకడ లేదు. ఊళ్లో ఎవరూ నమ్మలేదు. భార్య గౌతమి కూడా నవ్వింది. ఫోన్‌లో తీస్తే చుక్కలా పడింది. ఇక కెమెరా కొనాల్సిందే. పొద్దున పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్ అంటాడు, సాయంత్రానికి జేబులో పట్టే చిన్నదంటాడు.

మిత్రుడు భరత్ దగ్గర డీఎస్‌ఎల్‌ఆర్ అడిగి తీసుకుపోయిన రోజు తోడేలు చేను గట్టు మీదే నిలబడి ఉంది. బ్యాగు తెరిచి, లెన్సు మూత తీసి, కన్ను ఆనించేసరికి గట్టు ఖాళీ.

"చిన్నదయ్యింటే టక్కున జేబులోంచి తీసి నొక్కింటి," అన్నాడు ఇంటికొచ్చి. వెంటనే, "కానీ అంత దూరానికి దాంట్లో కుక్క మాదిరి పడ్తాదేమో!" అన్నాడు.

గౌతమి విసిగిపోయింది. "రేపు నన్నూ పిల్చుకపో. నేనే చూస్తా."

తెల్లారి ఇద్దరూ పోయారు. తోడేలు తల తిప్పి ఆమెవైపే చూసి, నెమ్మదిగా గట్టు దిగిపోయింది. గౌతమి భర్త చెయ్యి చాలాసేపు వదలలేదు.

ఆ మధ్యాహ్నం కొళాయి దగ్గర గౌతమి ఈ సంగతి చెబితే ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. ఆమె బిందె దించకుండానే భర్త ముందుకొచ్చి నిలబడింది.

"పెద్దదే కొందాం. ఫొటోలో దాని కండ్లు గూడా పడల్ల."