తొంభై మూడు శాతం కాపీ

ఒటుక్పో పట్టణ చరిత్ర ఎవరైనా రాయదలిస్తే, అడకోలే ఎజే కాగితాల కట్టను అరచేత్తో తూచే అలవాటుకు ఒక ప్రకరణం కేటాయించక తప్పదు. యూనివర్సిటీ గేటు ఎదుటి జిరాక్సు కొట్లో, బైండింగుకు వచ్చిన ప్రతి ప్రాజెక్టునూ అతను కుడిచేతిలోకి తీసుకుని, కళ్ళు అరమూసి, "అరవై ఎనిమిది" అంటాడు. లెక్కపెడితే అరవై ఎనిమిదే ఉంటాయి, మహా అయితే ఒకటి అటూ ఇటూ. ఈ విద్య ఏ సంవత్సరంలో పుట్టిందన్న దానిమీద రెండు వాదాలున్నాయి. జనరేటరు కాలిపోయిన ఏడు అని కొందరు, లెక్చరర్ల పెద్ద సమ్మె జరిగిన ఏడు అని మరికొందరు. కంప్యూటర్ సైన్స్ శాఖ అరవై పేజీలకు తక్కువైన ప్రాజెక్టును ముట్టుకోదు కనుక, ఆ అరచేయి సరేననకుండా ఒక తరంలో ఎవరికీ డిగ్రీ రాలేదని మాత్రం ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి.

ఆ శాఖలో పట్టా పుచ్చుకోవాలంటే నూట యాభై యూనిట్లు కావాలి. లెక్కలు, ప్రోగ్రామింగు, కంపైలర్లు, ఏదో ఒక ఆఫీసులో ఆర్నెల్ల శిక్షణ, లైబ్రరీని ఎలా వాడుకోవాలన్న పేపరొకటి, ఆఖర్న ఆరు యూనిట్ల ప్రాజెక్టు. ఏ పేపరు తప్పినవాడు దాన్ని ఏ సెమిస్టరులో మళ్ళీ కట్టుకోవాలో శాఖ గుమాస్తా కన్నా అడకోలేకే బాగా తెలుసు. విద్యార్థులు ముందు అతన్నే అడుగుతారు. చైర్మన్ అని పిలుస్తారు.

చైర్మన్ దగ్గర నూట నలభై నాలుగు యూనిట్లు ఉన్నాయి.

పదహారేళ్ళ కిందట, సరిగ్గా ప్రాజెక్టు రాసే నెలలో, అతను ఈ కొట్లో టైపింగుకు కుదిరాడు. ముందు తోటివాళ్ళవి కొట్టేసి తనది చివర్లో చూసుకుందామనుకున్నాడు. తోటివాళ్ళు అయిపోయేసరికి వెనకాల బ్యాచ్ వచ్చింది. కొన్నాళ్ళకు కొట్టే అతనిదైంది. ఊళ్ళో ఉన్న తండ్రికి ఈ వివరాలు అందలేదు. నాలుగేళ్ళు నిండాయి కాబట్టి కొడుకు పట్టభద్రుడయ్యాడని తేల్చుకుని, మేకను కోసి, ఊరందరికీ దంచిన పెండలం ముద్ద, ఒకోహో పులుసు పెట్టించాడు. అడకోలే ఆ విందుకు వెళ్ళాడు. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. అసలు సంగతి చెప్పడానికి మంచి సమయం కోసం చూస్తూ ఉండగా తండ్రి పోయాడు. అంత్యక్రియలకు వచ్చినవాళ్ళకు పంచే పుస్తకంలో కుమారుల పేర్ల కింద 'అడకోలే ఎజే, బి.ఎస్సీ.' అని పడింది. ఆ పుస్తకం అచ్చయింది కూడా అతని కొట్లోనే.

ఈ ఫిబ్రవరిలో యూనివర్సిటీ ఒక ప్రకటన అంటించింది. డిగ్రీ మధ్యలో ఆగిపోయినవాళ్ళు ఈ ఏడాదే పూర్తిచేయాలి, లేకపోతే పేర్లు కొట్టేస్తారు. దానికి నలభై కాపీలు తీసింది అడకోలేయే. ముప్పై ఏడో కాపీ దగ్గర చదివాడు.

భార్య ఒచాన్యకు చెప్పాడు. నిజం తెలిసిన మనిషి ఇంటి మొత్తానికి ఆమె ఒక్కతే, బిడ్డ ఎహీకి కూడా తెలియదు.

"ఊరందరి డిగ్రీలూ నీ చేతి మీదుగానే పోయాయి కదా, ఎహీ నాన్నా," అందామె బీన్స్ ఏరుకుంటూ. "నీది తెచ్చుకోడానికి ఏం రోగం?"

అతను ఆస్పత్రిలో రోగుల వరుసను చూసుకునే ప్రోగ్రామొకటి మూడు వారాల్లో రాశాడు. అది పని చేసింది కూడా. రెండో అధ్యాయం గురించి దిగులే లేదు. అంతకు ముందు ఆ విషయం మీద ఎవరెవరు ఏమేం చేశారో చెప్పే అధ్యాయమది, పదహారేళ్ళ కిందటే తన కోసం రాసి పెట్టుకున్నాడు, ఇరవై రెండు పేజీలు. తనది ఎలాగూ ఆలస్యమవుతోంది కదా అని అప్పట్లో ఒక తోటివాడికి ఇచ్చాడు. తర్వాత అడిగినవాళ్ళందరికీ ఇచ్చాడు. హోటలు ప్రాజెక్టుకు 'రోగి' తీసేసి 'అతిథి' అనీ, కోళ్ళఫారానికి 'కోడి' అనీ మార్చి కొట్టేవాడు. ఒకసారి తొందరలో కొన్ని చోట్ల మార్చడం మరిచిపోతే కోళ్ళు బీమా కాగితాలు చూపించి వార్డులో చేరాయి. ఆ ప్రతి ఇప్పటికీ లైబ్రరీలో ఉంది.

ప్రాజెక్టు చూసే డాక్టర్ అజుమా ఓకోపీ సోమవారం కబురు పెట్టింది. ఆమె కూడా పన్నెండేళ్ళ కిందట ఆ కొట్లో బైండింగు చేయించుకున్న మనిషే. కాపీలు పట్టే కొత్త మెషీను ఇచ్చిన కాగితాన్ని అతని ముందుకు తోసింది. రెండో అధ్యాయం తొంభై మూడు శాతం కాపీ. ఎక్కడెక్కడ నుంచో కింద జాబితా ఉంది.

"మొదటి పేరు నాదే," అందామె.

"అవును మేడమ్. మీది నేనే టైపు చేశాను."

"టైపేంటి అన్నా, రాసిందే నువ్వు. నాకు తెలుసు. మెషీనుకి తేదీలే తెలుసు. నాది ముందు, నీది వెనక. అంటే నువ్వు నాది చూసి రాశావ్."

"మీరొక ముక్క రాసిస్తే..."

"ఏమని? నా డిగ్రీలో ఇరవై రెండు పేజీలు నావి కావనా?"

ఇందులో అన్యాయమేమీ అతనికి కనబడలేదు. పాతిక శాతం దాటకూడదనీ, శుక్రవారానికి తెచ్చివ్వాలనీ ఆమె చెప్పింది. సరేనని వచ్చేశాడు.

మంగళవారం రాయడానికి కూర్చున్నాడు. మొదలుపెట్టిన ప్రతి వాక్యం ఎక్కడ ఆగుతుందో అతనికి ముందే తెలుసు. అది ఏ బ్యాచ్‌లో ఎవరికి ఇచ్చాడో కూడా గుర్తొచ్చేది. పదాలు అటూ ఇటూ జరిపి మెషీనుకు పంపితే డెబ్భై ఒకటి శాతం వచ్చింది. బుధవారానికి అరవై నాలుగు. కోపం రావలసిన చోట ఏమీ రాలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లితే ఎవరి కాలినో గిల్లినట్టు ఉంటుందే, అలా ఉంది. మధ్యలో ఎవరో వస్తే పాస్‌పోర్టు ఫోటోలు తీసిచ్చాడు.

గురువారం ఆఖరి ఏడు చదువుతున్న ఓన్మా అనే అమ్మాయి వచ్చింది.

"చైర్మన్, నాకూ ఆ రెండో అధ్యాయం కావాలి. కోళ్ళది కాదు, మామూలుదే."

అది ఇక చెల్లదని, మెషీను పట్టుకుంటుందని చెప్పాడు. మళ్ళీ తనే అడిగాడు. "నీకు సొంతంగా రాయడం వచ్చా?"

"రాకేం. బద్ధకం, అంతే."

"నాదొకటి రాసిపెడతావా?"

"మీకెందుకు చైర్మన్? మీకు డిగ్రీ ఉందిగా."

"లేదు."

పదహారేళ్ళలో బయటివాళ్ళతో ఈ మాట అనడం ఇదే మొదలు. తర్వాత ఏమవుతుందో చూద్దామని అతను ఆగాడు. ఏమీ కాలేదు.

"ఎన్ని పేజీలు?" అంది ఓన్మా.

"ఇరవై రెండు."

బదులుగా ఆమె ప్రాజెక్టు మొత్తం అతను టైపు చేసిపెట్టేటట్టు మాటైంది. ఆమె మర్నాడు పొద్దున్నే తెచ్చింది. అతను అకారా, అంటే బీన్స్ వడలు, తింటూ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. అందులో తన వాక్యం ఒక్కటీ లేదు. నచ్చలేదు. ప్రింటు తీశాడు. మెషీను తొమ్మిది శాతమంది.

డాక్టర్ అజుమా సంతకం చేస్తూ, తల ఎత్తకుండా, "ఇప్పుడిది నీది," అంది.

ప్రాజెక్టు పరీక్ష నెలాఖరున జరిగింది. పదకొండు నిమిషాలు పట్టింది. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దమనిషి మూడు ప్రశ్నలు అడిగాడు. ప్రోగ్రాము నడుస్తుందా, కరెంటు పోతే ఏమవుతుంది, వరుసలో ఉన్న రోగి చనిపోతే పేరు ఎవరు తీస్తారు. అడకోలే మూడింటికీ జవాబు చెప్పాడు. సి గ్రేడుతో ఆరు యూనిట్లూ వచ్చాయి. రెండో అధ్యాయం ఎవరూ తెరవలేదు.