ఒడ్డున ఆపిన ఇంజను

2005 జూలైలో, వైరాలో కాలువ షట్టర్ల మరమ్మతులు చూసుకుంటున్న నన్ను వరదల డ్యూటీ మీద భద్రాచలం వేశారు. అప్పటికి నేను నీటిపారుదల శాఖలో మెకానికల్ ఫోర్‌మన్‌ని. పైన ఒక ఏఈ, కింద ఇద్దరు ఫిట్టర్లు. నాకు అప్పజెప్పింది ఒక పాత లాంచీ, ఒక చిన్న బోటు. గోదావరి పొంగి రోడ్లు మునిగితే అవతలి ఒడ్డు గూడేలకు మందులైనా, బియ్యమైనా, నర్సమ్మ అయినా వీటిలోనే పోవాలి. అసలే నాకు కుదురు తక్కువ, ఆ ఏడు ఆకాశం చూస్తే ఉన్న కాస్తా పోయింది. ఘాట్ దగ్గరికి పోయి ఎన్ని మెట్లు మునిగాయో చూడటం, గదికి రావడం, మళ్లీ పోవడం, ఇదే పని.

లాంచీ ఇంజను గట్టిదే. జబ్బంతా చార్జింగులో ఉంది. అది డైనమో కాలం నాటిది. డైనమో అనేది ఇంజను జోరుగా తిరిగితేనే బ్యాటరీకి కరెంటు ఇస్తుంది, ఒడ్డు వెంట నెమ్మదిగా పోతుంటే ఇవ్వదు. దానికి తోడు తర్వాతి కాలంలో వైర్‌లెస్ సెట్టు, సెర్చిలైటు తగిలించారు. బ్యాటరీ ఎప్పుడూ నీరసమే. ఆపితే మళ్లీ స్టార్టవుతుందన్న నమ్మకం లేక, లాంచీ నడిపే సరంగు సత్తెయ్య పొద్దున వేసిన ఇంజనును సాయంత్రం దాకా ఆపేవాడు కాదు.

ఇంకో వింత ఏమిటంటే, రెండు పడవలకూ కలిపి బ్యాటరీ ఒక్కటే. లాంచీ ఇంజను తిరుగుతుండగానే సత్తెయ్య బ్యాటరీ ఊడదీసి, భుజాన వేసుకుపోయి చిన్న బోటును స్టార్టు చేసి, మళ్లీ తెచ్చి లాంచీకి తగిలించేవాడు. డీజిల్ ఇంజను ఒకసారి అందుకుంటే బ్యాటరీ లేకున్నా తిరుగుతుంది కాబట్టి ఏళ్ల తరబడి అలాగే సాగింది. డైనమో కూడా ఓర్చుకుంది.

ఏఎన్ఎం సుగుణమ్మ గొడవ వేరు. గర్భిణిని లాంచీలో పడుకోబెట్టి, పొట్ట మీద గొట్టం ఆనించి బిడ్డ గుండె వినాలంటే ఆ మోతలో ఏమీ వినపడదు. "ఏంది సారూ, గిట్లయితే నాకు చెవులుండి ఏం లాభం? జర ఇంజను బంద్ చేయించుండ్రి" అని కనపడ్డప్పుడల్లా పట్టుకునేది. ఆమె పోరు పడలేక నేను ఏఈ గారిని పట్టుకున్నాను. ఆయన నా పోరు పడలేక ఆల్టర్నేటర్ మంజూరు చేయించారు.

ఆల్టర్నేటర్ అయితే ఇంజను మెల్లగా తిరిగినా చార్జింగు ఇస్తుంది. డైనమో దించి కొత్త బ్రాకెట్ వెల్డింగు చేయించాం. బెల్టు వంకర పోకుండా పుల్లీలకు దారం పట్టి సరిచూశాం. పాత తీగలు సన్నవి, ఎక్కువ కరెంటుకు వేడెక్కుతాయి. వాటి బదులు లావువి వేశాం. ముందు పలక మీద ఒక ఎర్ర దీపం పెట్టాం. చార్జింగు వస్తుంటే అది ఆరిపోతుంది. రోజంతా ఇంజను తిప్పి బ్యాటరీ నింపాం. ఆల్టర్నేటరులో డయోడ్లని చిన్న బిళ్లలుంటాయి. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ ఊడదీస్తే వోల్టేజి ఎగదన్ని అవి మాడిపోతాయి. ఇక మీదట ముందు ఇంజను ఆపి, ఆ తర్వాతే బ్యాటరీ తీయాలని సత్తెయ్యను పక్కన కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పాను. "అవ్ సారు, ఎరుకైంది" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నది తొలి హెచ్చరిక దాటింది. అవతలి ఒడ్డు అటవీ చెక్‌పోస్టు నుంచి వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. పక్క కోయగూడెంలో జోగమ్మ అనే ఆమెకు నొప్పులు మొదలై చాలా సేపైనా కాన్పు కావడం లేదట. సుగుణమ్మ సంచితో వచ్చి ఎక్కింది. సత్తెయ్య ఇంజను వేశాడు. దీపం ఆరింది. పక్కనే చిన్న బోటు వాళ్లు బియ్యం ఎక్కించుకుని ఎదురుచూస్తున్నారు. నేను టార్పాలిన్ సర్ది తల తిప్పేసరికి బ్యాటరీ సత్తెయ్య భుజం మీద ఉంది.

నోటికొచ్చినట్టు తిట్టాను. పరుగున తెచ్చి తగిలించాడు. దీపం వెలిగింది, మరి ఆరలేదు. "చెయ్యి దానంతటదే పోయింది సారు" అన్నాడు. తిట్టి లాభం లేదు, డయోడ్లు మాడాయి. కొత్తవి ఖమ్మం పోతే తప్ప దొరకవు. నిన్న ఎక్కించిన చార్జింగు తప్ప ఇక కొత్తగా వచ్చేది లేదు. ఉన్నదాన్ని తాగకుండా వైర్‌లెస్, సెర్చిలైటు తీగలు పీకేశాను. బియ్యం బోటును ఆపేసి లాంచీలో బయల్దేరాం. ఒడ్డున నిలబడి చూడటం నా వల్ల కాదు కాబట్టి నేనూ ఎక్కాను.

అవతల జోగమ్మను మంచంతో సహా లాంచీలోకి ఎక్కించారు. జోరు వాన. ఒడ్డున నిలువ నీడ లేదు. సుగుణమ్మ గొట్టం ఆనించి, విసుగ్గా తల ఎత్తింది. "బంద్ చెయ్యుండ్రి సారూ. గుండె మంచిగుంటే ఈడనే గూడెం బడిల కాన్పు చేస్త. గీ వరదల తోల్కపోవుడు మంచిది గాదు. మంచిగ లేదంటే పెద్ద దవాఖానకే పోవాలె. ఇనకుంట నేనెట్ల చెప్త?"

సత్తెయ్య అడ్డంగా తల ఊపాడు. "ఆపితే మళ్ల లేస్తదో లేదో సారు."

లేవకపోతే పెరుగుతున్న నీళ్ల మధ్య అక్కడే చిక్కుకుంటాం. ఆపకపోతే రెండు ప్రాణాల మీద సుగుణమ్మ గుడ్డిగా నిర్ణయం తీసుకోవాలి. నాకు భయం వేసింది, దాచేదేముంది? నింపిన బ్యాటరీలో ఒక్క స్టార్టే ఖర్చయింది, పైగా వేడి ఇంజను చల్లదానికంటే తేలిగ్గా లేస్తుంది. నాకున్న ధైర్యమంతా అదే. చెయ్యి చాపి నేనే ఇంజను ఆపాను.

టార్పాలిన్ మీద వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. జోగమ్మ అత్త కోయలో ఏదో అనబోతే సుగుణమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. నేను కూర్చోలేక నిలబడలేక, బిగించిన బ్యాటరీ క్లాంపులనే మళ్లీ బిగిస్తున్నాను. చివరికి ఆమె గొట్టం తీసి, "కొట్టుకుంటున్నది గని మెల్లగైతున్నది. జల్దీ పోవాలె" అంది.

సత్తెయ్య స్టార్టరు నొక్కాడు. ఇంజను మూలిగింది, ఒక చుట్టు తిరిగి ఆగబోయింది, నల్లటి పొగ కక్కి అందుకుంది.

భద్రాచలం దవాఖానాలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. పేగు మెడకు చుట్టుకుందని, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని సుగుణమ్మ వచ్చి చెప్పింది. నేను ఘాట్ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఆల్టర్నేటర్‌ను ఖమ్మం పంపి డయోడ్లు మార్పించాను. లాంచీ బ్యాటరీకి ఇనుప పట్టీ వేసి తాళం పెట్టాను. రెండో బ్యాటరీ ఇచ్చేదాకా చిన్న బోటును ఒడ్డునే కట్టేయించాను. పైనుంచి చీవాట్లు వచ్చాయి, పడ్డాను. ఇంజను ఎంత బాగా తిరుగుతోందో చూసి బోటును డ్యూటీకి పంపడం మా శాఖలో పద్ధతి. రిటైరయ్యేదాకా నేను మాత్రం తిరిగే ఇంజనును ఆపించి, మళ్లీ లేస్తేనే పంపాను. ఆపడానికి భయపడే ఇంజను ఉన్న బోటును నర్సమ్మకు ఇవ్వకూడదు.