కామాక్షయ్య పొగ డబ్బా కొన్న సంగతి

మా వీధిలో కామాక్షయ్యంత భయస్థుడు లేడు. ముప్పై ఏళ్ళు సముద్రం మీద వేట చేసినవాడు భయస్థుడేమిటని మీరనవచ్చు. వేటకు వెళ్ళిన మాట నిజమే, ప్రతిరోజూ భయపడుతూనే వెళ్ళాడు. మబ్బు పడితే వాన భయం, మబ్బు లేకపోతే గాలి భయం. లంగరు తాడు గట్టిదే అయినా దానికి తోడు ఇంకొకటి కట్టేవాడు. కుర్రకారు ఎగతాళి చేసేవారు. ఆ పడవ ఒక్కసారి కూడా బోల్తా పడలేదని నేను గుర్తుచేస్తే మాట మార్చేవారు.

కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోయేసరికి పోయిన ఏడాది వేట మానేశాడు. వలలూ, పడవలో తన వాటా అమ్మేసి ఆ డబ్బు బ్యాంకులో వేసుకున్నాడు. ఇప్పుడు ఇల్లు గడిచేది భార్య విజయకుమారి సంపాదన మీద. ఆమె ఎన్నో ఏళ్ళ నుంచీ రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలిచే పనికి పోతోంది. పొద్దస్తమానం చేతులు ఐసు నీళ్ళలో, కాళ్ళు క్లోరిన్ నీళ్ళలో. గ్లౌజులు ఇస్తారు గానీ అవి తొడుక్కుంటే పని సాగదు. వేళ్ళ సందులు ఒరిసిపోయి కారం తగిలితే మంట. అందుకని ఇంట్లో అన్నం చెంచాతో తింటుంది. చేపల కూర చెంచాతో తినే మనిషిని మా ఊళ్ళో నేను ఇంకెక్కడా చూడలేదు. ఎదురుగా కూర్చున్న కామాక్షయ్య ఆ చెంచా వైపు చూడలేక తల వంచుకుని తినేవాడు.

అలాంటి రోజుల్లో వినీల వచ్చింది. కావలి వైపు రైతుల బిడ్డ, మా ఊరికి దగ్గర్లో సరుగుడు తోపు పక్కన నాలుగు కాటేజీలు కట్టి నడుపుతోంది. శనాదివారాల్లో నెల్లూరు నుంచీ, చెన్నై నుంచీ జనం దిగుతారు. చేపలు కొనడానికి వచ్చి, విజయకుమారి పులుసు రుచి చూసి, ఆమె ఒక మాట అంది.

"అక్కా, మా గెస్టులు పొగ పట్టించిన చేప అడుగుతున్నారు. స్మోకర్ అని ఒక డబ్బా దొరుకుతుంది. దాన్ని పెరట్లో పెట్టుకుని మీరు చేసివ్వగలిగితే ప్రతివారం నేనే తీసుకుంటాను."

ఆ మాటతో భార్యకు షెడ్డు తప్పే దారి ఒకటి కామాక్షయ్యకు కనిపించింది. దానితోపాటే అతనికి నిద్ర కరువైంది. డబ్బా ఎంపికలో పొరపాటు పడితే వలల డబ్బు పోతుంది. మళ్ళీ అమ్ముకోవడానికి వలలు లేవు. ఆమె రొయ్యలు ఒలుస్తూనే ముసలిదైపోతుంది.

ముందు నెల్లూరులో పెద్ద షాపుకు వెళ్ళాడు. నేనూ తోడు వెళ్ళాను. అక్కడ కిషోర్ బాబు అనే సేల్స్ మనిషి మమ్మల్ని ఒక నల్లటి పెట్టె ముందు నిలబెట్టాడు. దానికి గాజు తలుపు, కింద చక్రాలు, నెత్తిన వేడి చూపించే మీటరు.

"దీంట్లో పెట్టేసి మర్చిపోవచ్చు సార్."

"మర్చిపోతే మాడిపోదా?" అన్నాడు కామాక్షయ్య.

"కరెంటుతో పనిచేస్తుంది సార్. వేడి దానంతటదే చూసుకుంటుంది."

"కరెంటు పోతే?"

కిషోర్ బాబు నవ్వి, "మీ బడ్జెట్ ఎంత సార్?" అన్నాడు. డబ్బున్నవాణ్ణి ఎవరూ ఆ ప్రశ్న అడగరని నాకు ఒళ్ళు మండింది. కామాక్షయ్య మాత్రం నిజాయితీగా, "నా వలలు" అన్నాడు. పాపం కిషోర్ బాబుకు అర్థం కాలేదు. ఆ పెట్టెకు వలల డబ్బంతా పోసినా ఇంకా చాలదు.

పక్కనే చవక రకం ఉంది. మడిచి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చే రేకు డబ్బా. కామాక్షయ్య బొటనవేలితో నొక్కితే రేకు లోపలికి పోయింది. "ఇది మా గాలికి వేడి నిలుపుకోలేదబ్బా. వానలు తగిలితే తుప్పు రాలిపోద్ది" అన్నాడు. ఆ విషయంలో కామాక్షయ్యతో వాదించే మొనగాడు ఆ షాపులో లేడు. గొప్పకు పోతే ఒకసారే మునుగుతాం, చవకకు పోతే రెండుసార్లు కొంటాం అనుకుంటూ బస్సెక్కాం.

చివరికి బిట్రగుంటలో పెంచలయ్య అనే వెల్డర్ కుదిరాడు. గేట్లూ గ్రిల్సూ చేసేవాడు. మందపాటి డ్రమ్ము తెచ్చి, అడ్డంగా పడుకోబెట్టి, తలుపు కోసి, కింద బొగ్గులకు ట్రే, పైన చేపలకు జల్లెడ, రెండు వైపులా గాలికి మూతలు పెట్టి ఇస్తానన్నాడు. ఖర్చు వలల డబ్బులో సగానికి లోపే. కామాక్షయ్య డ్రమ్ములో తల దూర్చి చూశాడు.

"ఇందులో ముందు ఏం పోసుండారు పెంచలయ్యా?"

"పామాయిలన్నా."

"మందులు గానీ, యాసిడ్ గానీ కాదు గదా?"

"నమ్మకం లేకపోతే నాకి చూసుకో" అన్నాడు పెంచలయ్య విసుగ్గా. కామాక్షయ్య నిజంగానే వేలితో రాసి నాకి చూశాడు.

డబ్బా తయారయ్యాక పెంచలయ్య మరీ మరీ చెప్పాడు. "బయట రంగు నేనే కొట్టిచ్చినా. లోపల మాత్రం వంటనూనె పూసి, ఒకసారి ఉత్త మంట వేసి, ఆరినాక వాడుకోండి."

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. సముద్రం ఒడ్డున ఒట్టి ఇనుము ఉండనివ్వరు. సైకిలు, కిటికీ ఊచలు, బావి గిలక, ఆఖరికి గడపకు కొట్టిన మేకు తలకు కూడా రంగు పడాల్సిందే. ఇంట్లో తుప్పు కనిపిస్తే ఆ ఇంటి మగవాణ్ణి నలుగురూ నవ్వుతారు. పడవకు కొట్టగా మిగిలిన పెయింటు డబ్బా లేని చూరు మా వీధిలో లేదు. బిట్రగుంటవాళ్ళకు ఉప్పుగాలి సంగతి ఏం తెలుసు, నూనె పూస్తే ఇనుము నిలుస్తుందా అనుకున్నాడు కామాక్షయ్య. డబ్బాను లోపల కూడా శుభ్రంగా తోమి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూసి, దానిమీద పడవ నీలం రెండు కోటింగులు కొట్టాడు. నాలుగు రోజులు ఎండలో ఆరబెట్టాడు. చూసిన వాళ్ళందరం బాగుందనే అన్నాం.

ఆదివారం మధ్యాహ్నం రుచి చూడటానికి వినీల వస్తానంది. విజయకుమారి ఆ రోజు షెడ్డుకు పోలేదు. కానాగంత చేపలు చీల్చి, ఉప్పూ పసుపూ మిరియాలూ పట్టించి, బొగ్గుల మీద మామిడి కట్టెలు వేసి పొగ పెట్టింది. వినీల కారుకు దారి చూపించడానికి కామాక్షయ్య మోపెడ్ మీద రోడ్డుకు వెళ్ళాడు. కారు వస్తుందో రాదో, వచ్చినా ఇసుకలో దిగబడుతుందో, చేప ఉడికిందో లేదో! నేనూ వెనక కూర్చుని ఉన్నాను. దారి పొడుగునా అతనిది ఇదే గోల.

కారు వచ్చింది. ముందు మేము, వెనక ఆమె. వీధి మలుపు తిరిగేసరికి సముద్రపు గాలి ఎదురుగా కొట్టింది. ఆ గాలిలో కాలుతున్న పెయింటు కంపు. కామాక్షయ్య మోపెడ్‌ను నాకు వదిలేసి పరుగెత్తాడు.

పెరట్లో విజయకుమారి డబ్బా తలుపు తెరిచి చేపలు పళ్ళెంలోకి తీస్తోంది. మంచి తేనె రంగు వచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది. ఒక ముక్క తుంచి నోటి దగ్గరకు తీసుకెళ్తోంది.

"తినబాక!" అని అరిచి ఆమె చేతిమీద కొట్టాడు. ముక్క నేల మీద పడింది.

"ఏందయ్యా! ఎంత బాగా రంగొచ్చిందో చూడు."

"లోపల పెయింటు కాలతా ఉండాది గదే! ఈ కంపు తెలీలా నీకు?"

వెనకే వచ్చిన వినీల చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. విజయకుమారి ఆమెనూ, మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. "పొగే గదా అనుకున్నా" అంది నెమ్మదిగా.

వినీల మంచి పిల్ల, కోప్పడలేదు. "వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను అక్కా. అప్పటికీ కుదరకపోతే వేరేవాళ్ళను చూసుకుంటాను, ఏమనుకోవద్దు" అని వెళ్ళిపోయింది.

కామాక్షయ్య చేపలన్నీ గోతిలో పూడ్చాడు. పెంచలయ్యకు ఫోన్ చేస్తే వాడు నాలుగు తిట్టి, మంటలో పెట్టి మొత్తం కాల్చి ఇనుము తేలేదాకా గీకమన్నాడు. అదంతా విన్నాడు గానీ కామాక్షయ్య మనసు డబ్బా మీద లేదు. కరివేపాకు రెబ్బ ఒకటి తుంచి, చేతిలో నలిపి భార్య ముక్కు దగ్గర పెట్టాడు.

"తెలస్తా ఉందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అల్లం తెచ్చాడు. తెలియలేదు. కిరసనాయిలు గుడ్డ తెచ్చాడు. "ఘాటు కొడతా ఉంది, వాసన లేదు" అంది. ఇంకేదో తేబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"రెండేళ్ళుగా ఇంతేనయ్యా. షెడ్డు నీళ్ళ ఘాటుకు మొదట పూల వాసన పోయింది, తర్వాత అన్నీ పోయినాయి. ఇంకో ఇద్దరికి కూడా ఇట్లనే ఉంది."

"నాకెందుకు చెప్పలా?"

"చెబితే నువ్వు తట్టుకుంటావా? మబ్బు పడితేనే అన్నం మానేసే మనిషివి."

"మరి పులుసు?"

"ఉప్పూ కారం నాలిక్కి తెలస్తాయి. మిగతాది చేతికి అలవాటే గదా."

కామాక్షయ్య మొహం పక్కకు తిప్పుకుని తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. ఎక్కడెక్కడి గండాలూ ముందే వెతుక్కుని భయపడే మనిషికి, రోజూ ఎదురుగా కూర్చుని తినే భార్యకు జరిగింది తెలియలేదు. నాకు అక్కడ ఉండాలనిపించలేదు, అయినా లేవలేకపోయాను.

సాయంత్రం నేనూ కామాక్షయ్యా కలిసి డబ్బాను ఇసుకలోకి దొర్లించాం. లోపల సరుగుడు కట్టెలు కూరి అంటిస్తే నీలం రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. ఆ మంట చూస్తూనే అతను పక్కన నిలబడ్డ భార్యతో అన్నాడు.

"రేపటి నుంచి షెడ్డుకు పోబాక."

"ఆ వినీలమ్మ వద్దంటే ఏం తింటాం?"

"నాకు తెలీదు. నువ్వు మాత్రం పోబాక."

మరునాడు పొద్దున షెడ్డు వ్యాను వచ్చి హారన్ కొట్టింది. విజయకుమారి అన్నం క్యారేజీ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది, అలవాటు చొప్పున. కామాక్షయ్య ఆమెను దాటుకుని వీధిలోకి వెళ్ళి, ఇక ఆమె రాదని డ్రైవరుతో చెప్పి పంపేశాడు. లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వ్యాను మళ్ళీ వెనక్కి వస్తుందేమోనని వీధి వైపే చెవి పెట్టాడు.