నీళ్ళవ్వ మోచెయ్యి

"నీళ్ళవ్వ పోయిందే" అంది అమ్మ ఫోన్‌లో. హలో కూడా అనలేదు. "రాత్రి అన్నం తిని పండుకున్నదట. పొద్దుగాల కోడలు లేపవోతే లేవలే. జల్ది బయల్దేరు. పిల్లను గూడ తీస్కరా."

చావింటికి పిల్లను తీసుకురమ్మనడం మా అమ్మ నోట ఎన్నడూ వినలేదు. చిన్నప్పుడు చావు డప్పు వినబడితే చాలు, మమ్మల్ని లోపలికి లాగి తలుపేసిన మనిషి ఆమె. అయినా ఎందుకని అడగలేదు నేను. బడికి పోదామని జడ వేసుకుంటున్న నా బిడ్డతో "యూనిఫాం విప్పు, అమ్మమ్మోళ్ళింటికి పోతున్నం" అన్నాను. ఇద్దరం జనగామలో తొర్రూరు బస్సెక్కాం.

తొర్రూరులో మా పుట్టింటి వీధికి వచ్చి నీళ్ళవ్వ ఎవరని అడిగితే ఎవరైనా చెబుతారు. పసిపిల్లలకు నీళ్ళు పోయడం ఆమె పని. నాకూ ఆమే పోసింది, మా తమ్ముడికీ ఆమే పోసింది. నా బిడ్డ పుట్టేనాటికి ఆమె నడుం కొంచెం వంగింది గానీ చేతులు మాత్రం వంగలేదు. పొద్దున ఎండ పెరట్లోకి దిగగానే వచ్చి, పీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి చెక్కుకుని, రెండు కాళ్ళూ చాపి కూర్చునేది. పిల్లను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి నువ్వుల నూనె రాసి, ఒళ్ళంతా మర్దన చేసి, పెసరపిండితో రుద్దేది. ఏళ్ళ తరబడి నూనె పట్టీ పట్టీ ఆ కాళ్ళు నున్నగా మెరిసేవి.

నీళ్ళు పోసే ముందు మోచెయ్యి ముంచి చూసేది. ఒకసారి కాదు, చెంబు చెంబుకూ. నేను నవ్వితే కోప్పడింది.

"అరచెయ్యి కష్టం జేసి జేసి మొద్దువారి ఉంటది బిడ్డా. దానికి అన్నీ సల్లగనే అనిపిస్తయ్. మోచేతికి అబద్ధం రాదు."

ఆమెతో నాకు మొదట్లోనే గొడవైంది. పిల్ల ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. డిగ్రీ చదివిన తిక్క ఒకటి ఉంది కదా. "వద్దవ్వా, ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరమ్మ చెప్పింది" అన్నాను. "నీ ముక్కుల నేనే పోసిన, సచ్చినవా?" అని లేచి పోయింది. రెండు రోజులు రాలేదు. మా అమ్మ నన్ను తిట్టని తిట్టు లేదు. మూడో రోజు ఏమీ జరగనట్టే పీట లాక్కుని కూర్చుంది.

"మా మనుమరాలు గూడ గట్లనే అన్నది. సరే తియ్యి, ముక్కుల పొయ్య. కని ముక్కు ఒత్తుడు మాత్రం ఇడువ. గీ చపిడి ముక్కేసుకోని రేపు నన్నే తిడ్తది గీ పిల్ల."

ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే ఆ మాట విలువ తెలుస్తోంది. వయసు మీద పడ్డ మనిషి, తన పని తనకు వచ్చిన మనిషి, ఒక పొరపాటును అంత తేలిగ్గా వదులుకోవడం నేను మళ్ళీ చూడలేదు.

అప్పుడు తెలంగాణ కోసం సకల జనులూ సమ్మెలో ఉన్నారు. బస్సులు డిపో దాటలేదు, బళ్ళు తెరవలేదు. మా నాయిన కిరాణం దుకాణం తెరిచిన రోజులకంటే షట్టరు దించిన రోజులే ఎక్కువ. మా ఆయన బడిపంతులు, జనగామలో సమ్మె శిబిరంలో కూర్చున్నాడు. వారానికోసారి ఎవరిదో బండి అడిగి తెచ్చుకుని, పిల్లను గంటసేపు చూసుకుని పోయేవాడు.

వచ్చిన వాళ్ళందరికీ నేను ఒకటే గొప్ప చెప్పుకునేదాన్ని. "మా పిల్ల బంగారం. ఏడ్వనే ఏడ్వదు. పండుకుంటే మూడు నాలుగు గంటలు లేవదు." పక్కింటి వాళ్ళ పిల్లవాడు వీధి అదిరేలా ఏడుస్తుంటే నాకు లోపల గర్వంగా కూడా ఉండేది. ఎంత తెలివితక్కువదాన్నో!

పత్యం సంగతి చెప్పాలి. మా ఇళ్ళల్లో బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వరు. నీళ్ళు తాగితే కుట్లు చీము పడతాయని, పొట్ట దిగదని, పాలు పలచబడి పిల్లకు జలుబు చేస్తుందని నమ్మకం. అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి, పొద్దుకొక గ్లాసు, మాపుకొక గ్లాసు కాచిన నీళ్ళు. దవాఖాన నుంచి వచ్చేటప్పుడు డాక్టరమ్మ నీళ్ళు బాగా తాగమంది. మా అమ్మ అక్కడ తలూపింది, ఇంటికి రాగానే బిందె మీద మూత పెట్టింది. నాలుక పిడచగట్టుకుపోయేది. అడిగితే "ఓర్సుకో, నేను ఓర్సుకోలేదా?" అనేది. ముక్కులో నూనె వద్దని అవ్వతో కొట్లాడినదాన్ని, అమ్మతో నీళ్ళ కోసం కొట్లాడలేకపోయాను. అమ్మ కదా, ఆమె చేతిలో తప్పుంటుందని తోచలేదు.

పిల్లకు ఐదో వారం. అవ్వ కాళ్ళ మీద వేసుకుని, నూనె రాయబోయి ఆగింది. పిల్లను ఎత్తి మళ్ళీ వేసుకుంది.

"సేటమ్మా, జర ఇట్ల రా" అని అమ్మను పిలిచింది. "పిల్ల తేలికైంది."

అమ్మకు కోపమొచ్చింది. "ఏం మాటలవ్వా! దిష్టి తగుల్తది. మంచిగ పండుకుంటాంది, ఏడుపు లేదు, మారాం లేదు."

"గదే నేనంటాన. ఏడ్వనీకి గూడ బలం లేదు పిల్లకు. కడుపు నిండిన నిద్ర వేరు సేటమ్మా, కడుపు ఎండిన నిద్ర వేరు. వారం కింద నా కాళ్ళ మీద ఎంతున్నదో నాకెరుక."

పసిపిల్లను తూకం వేయకూడదంటారు మా వాళ్ళు. కానీ మా నాయిన కాంటాను తప్ప దేన్నీ నమ్మని మనిషి. వెంటనే ఇంటికి ఆనుకున్న దుకాణం షట్టరు సగం ఎత్తి, బియ్యం తూచే కాంటా మీద చాట పెట్టి, చాటలో నా పాత చీర మడిచి వేసి, పిల్లను పడుకోబెట్టాడు. చాట, చీర బరువు తీసేశాక చూసుకుంటే, పిల్ల పుట్టినప్పుడు దవాఖానలో రాసిచ్చిన చీటీ మీది బరువు కూడా లేదు. నాయిన మళ్ళీ తూచాడు. మూడోసారీ తూచాడు. నేను పెరటి గడప మీదికి వచ్చి కూలబడ్డాను.

అవ్వ మాత్రం పరేషాన్ కాలేదు. నా పక్కన కూర్చుని చెవిలో అడిగింది. "పొద్దటిసంది ఒంటికి ఎన్నిసార్లు పోయినవ్?"

"ఒక్కసారి. నిన్నంత రెండుసార్లే."

ఆమె లేచి వంటింటి వైపు చూసి గొంతు పెంచింది. "చెర్ల నీళ్ళు లేకుంటే తూముల కెల్లి ఎట్లస్తయే! ముందుగాల తల్లికి నీళ్ళియ్యుండ్రి."

అమ్మ కదల్లేదు. అంతవరకూ పెరడు దాటి మా ఇంట్లోకి అడుగు పెట్టని నీళ్ళవ్వ, ఆ రోజు సరాసరి వంటింట్లోకి పోయి, బిందె మీద మూత తీసి, చెంబు ముంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ చెంబెడు నీళ్ళూ నేను గుక్క తిప్పుకోకుండా తాగాను. అంత రుచి మళ్ళీ దేంట్లోనూ తెలియలేదు. తర్వాత అవ్వ పిల్ల అరికాలు మీద వేలితో చిన్నగా కొట్టి లేపి, నా ఒళ్ళో పెట్టి, "ఏడ్చేదాంక సూడకు. గంటన్నరకోపాలి లేపి పట్టు" అంది.

మర్నాడు నాయిన ఎవరినో బతిమాలి కారు తెచ్చి మమ్మల్ని దవాఖానకు తీసుకుపోయాడు. దారిలో మూడు చోట్ల రాళ్ళు అడ్డం పెట్టి ఉన్నాయి. పసిపిల్లను చూసి తీసి పంపారు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి పిల్లకు జబ్బేమీ లేదంది. నీళ్ళు, తిండి, గంటన్నరకోసారి పాలు. అవ్వ చెప్పిందే చెప్పింది. ఇంటికి వచ్చాక అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నా బిడ్డను, దాని బిడ్డను నా చేతులతోనే ఎండబెట్టిన" అంది.

అవ్వ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు కొత్తగ కనిపెట్టిన పత్తెమా సేటమ్మా? మీ అమ్మ నీకు పెట్టింది, నువ్వు పెట్టినవ్. నేను గూడ నా కోడలికి పెట్టిన. తొలిసూరు ఆడపిల్ల. తేలికైతాందని నా కాళ్ళు చెప్తనే ఉన్నయ్, నేనే ఇనలే. దక్కలె." ఆ మాట చెప్పి, నూనె గిన్నె కడగడానికి పోయింది.

పదిహేను రోజులు గడిచాయి. ఒక పొద్దున నీళ్ళు పోసి లేస్తూ "అబ్బా, ఇయ్యాల కాళ్ళు నొస్తున్నయే!" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. పిల్ల బరువెక్కిందని ఆమె ఇచ్చే అతిపెద్ద మెప్పు అదే.

ఆ వారమే రోడ్డు మీద ఎవరి పని వాళ్ళు చేసి చూపించే నిరసన మొదలైంది. మంగలివాళ్ళు కుర్చీ వేసి గడ్డాలు గీశారు. చాకలివాళ్ళు ఇస్త్రీ చేశారు. కుమ్మరి సారె తిప్పాడు. ఆడవాళ్ళు పొయ్యిలు పెట్టి వండి వడ్డించారు. అవ్వ ఇవన్నీ చూసి వచ్చి మా పెరట్లో కూర్చుంది.

"అందరికి సంగమున్నది, బ్యానరున్నది. నీళ్ళు పోసేటోళ్ళకే ఏం లేదు. నా పని నేను సూపెట్టొద్దా? పిల్లనియ్యి బిడ్డా."

అమ్మ వద్దంటుందనుకున్నాను. అమ్మ నన్ను చూసింది, నేను అమ్మను చూశాను. అమ్మ లోపలికి పోయి కాగు కింద మంట పెంచింది. నాయిన రెండు బకెట్ల వేడినీళ్ళు మోశాడు.

చౌరస్తాలో, ఎండ పడే చోట, అవ్వ పీట వేసుకుని కాళ్ళు చాపింది. జనం చుట్టూ చేరారు. ఒక కానిస్టేబుల్ వచ్చి "ఏయ్ అవ్వా, లే, లే. ఏందిది నడి రోడ్డు మీద?" అన్నాడు. ఆమె తల కూడా ఎత్తలేదు. "కాళ్ళ మీద పిల్లున్నది కొడుకా. నీళ్ళు పోసినంక అరెస్టు చేస్కపో. జర ఎండకు అడ్డం లేకుండ జరుగు, పిల్లకు ఎండ తాకాలె." ఆ అబ్బాయి నవ్వాపుకోలేక పక్కకు జరిగాడు.

మోచెయ్యి ముంచి చూసుకుని మొదటి చెంబు పోసింది. నా బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది చూడండి! ఏడ్వనే ఏడ్వదని నేను చెప్పుకున్న పిల్ల, చౌరస్తా మొత్తం వినబడేలా కేక పెట్టింది. చెంబు పడ్డప్పుడల్లా పిల్ల అరవడం, జనం "జై తెలంగాణ" అనడం. నేను పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాను. ఏడుపు వింటే అంత సంతోషం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంటికి వచ్చాక అవ్వ దిష్టి మాత్రం మరిచిపోకుండా తీసింది. పొయ్యిలో వేసిన మిరపకాయలు ఘాటెక్కలేదని "సూసినవా, ఎంత దిష్టో!" అని నా మీదే గెలిచింది.

అంతకుముందు అవ్వ చాయ గ్లాసు పెరటి గోడ మీద విడిగా ఉండేది. ఆ నెల తర్వాత అది వంటింట్లో మా గ్లాసుల్లో కలిసిపోయింది. అమ్మ దాన్ని ఎప్పుడు లోపలికి తెచ్చిందో ఎవరమూ అడగలేదు. తెలంగాణ వచ్చిన రోజు అవ్వ మిఠాయి తింటూ "ఊకెనే వచ్చిందా? మా పిల్ల రోడ్డెక్కి ఏడ్తే వచ్చింది" అని వీధంతా చెప్పింది. సెలవులకు పోయినప్పుడల్లా నా బిడ్డ ముక్కు పట్టుకుని చూసి, "నేనొత్తిన ముక్కు" అని మురిసేది. చిన్నపిల్లలకు నీళ్ళు పోస్తుంటే నా బిడ్డ పక్కనే గొంతుక్కూర్చుని చూసేది.

మేం వెళ్ళేసరికి అవ్వను వాకిట్లో పడుకోబెట్టారు. చివరి స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కట్టెలు ఎగదోస్తోంది. అవ్వ కాళ్ళు చాపి ఉన్నాయి, ఎప్పటిలాగే నున్నగా. కోడలు కూడా పెద్దావిడే ఇప్పుడు, తల నెరిసింది. ఆమె అందరినీ చూసి, చెంబు తీసుకొచ్చి నా బిడ్డ చేతికిచ్చింది.

"కాళ్ళ మీద నువ్వు పొయ్యి బిడ్డా. అత్త దక్కించుకున్న పిల్లవు నువ్వు."

నా బిడ్డ చెంబు పట్టుకుని వంగింది. పోయలేదు. ఏమైందా అని మేమంతా చూస్తున్నాం. అది చెంబు కింద పెట్టి, చెయ్యి మడిచి, బకెట్ నీళ్ళలో మోచెయ్యి ముంచి చూసింది. వేడి ఎక్కువున్నట్టుంది, పక్క కుండలోంచి కొన్ని చన్నీళ్ళు కలిపింది. మళ్ళీ ముంచి చూసింది. అప్పుడు పోసింది.